బండను పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా ఘర్షణ ఒకటేనా?

ఎర్రగుంట్ల షెడ్డు: రెండడుగుల చదరం, రెండంగుళాల మందం ఉన్న కడప బండ. సిమెంటు గచ్చు మీద దాన్ని లాగాలి. పడుకోబెడితే నేలను ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ బలం కావాలని మా మేస్త్రీ అంటాడు. ఎట్ల లాగినా ఒకటేనని ఇంటర్ చదివే మా చెల్లెలి వాదన. రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. ఎవరైనా తేల్చండప్పా.

తాడిపత్రి ట్యూషన్: మీ చెల్లెలే కరెక్టు. ఘర్షణ బలం అంటే ఘర్షణ గుణకం (రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే సంఖ్య) ఇంటూ అభిలంబ బలం (నేల బండను పైకి నెట్టే బలం, ఇక్కడ బండ బరువంతే). అందులో వైశాల్యం ఎక్కడుంది? లెక్క వేసుకోండి. బండ కొలతలు మీటర్లలో 0.6 × 0.6 × 0.05 అంటే 0.018 ఘనపు మీటర్లు. సున్నపురాయి ఘనపు మీటరుకు సుమారు 2,700 కిలోలు, కాబట్టి బండ దాదాపు 48.6 కిలోలు. 9.8తో గుణిస్తే 476 న్యూటన్లు. గుణకం 0.6 అనుకుంటే ఘర్షణ 286 న్యూటన్లు, అంటే 29 కిలోలు ఎత్తేంత బలం. 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్ చెప్పిన సంగతే ఇది. 1785లో కులూంబ్ ప్రయోగాలతో బలపరిచాడు.

బేతంచెర్ల బండలోడు: సార్, ఆ 0.6 మీకెవరిచ్చారు? ఇంకోటి. పాలిష్ బండ మీద పాలిష్ బండను తడిగా ఉన్నప్పుడు పెట్టి చూడండి. పైదాన్ని లేపాలంటే గడ్డపార కావాలి. బండ ఎంత పెద్దదైతే పట్టు అంత. వైశాల్యం లేదంటారేమి?

తాడిపత్రి ట్యూషన్: అది నీటి పొర చేసే పని. సూత్రం పొడి తలాలకే.

బేతంచెర్ల బండలోడు: మీ సూత్రానికి ఇమడనిదల్లా ఘర్షణ కాదంటే ఎట్ల సార్! మా షెడ్లో పొడి ఎప్పుడుంటుంది, కోత మిషన్ తిరిగితే అంతా నీళ్లే.

కడప సివిల్: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. బండ చేతికి నునుపుగా తగిలినా దాని మీద కంటికి కనపడని మిట్టలుంటాయి. గచ్చును తాకేది ఆ మిట్టల కొనలే. పడుకోబెడితే బరువు చాలా కొనల మీద పంచుకుంటుంది, ఒక్కోటి కొంచెమే నలుగుతుంది. అంచు మీద నిలబెడితే తాకే కొనలు తక్కువ, కానీ గట్టిగా నలుగుతాయి. చివరికి నిజంగా తాకే వైశాల్యం బరువును బట్టే ఉంటుంది. 20వ శతాబ్దంలో బౌడన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి వివరంగా చూపారు. కాబట్టి మేస్త్రీ మాటలో నిజం ఉంది, కాకపోతే ఆ వైశాల్యం ఆయన టేపుకు అందేది కాదు. రబ్బరు సంగతి వేరు, అది మెత్తగా అతుక్కుంటుంది, ఈ లెక్కకు సరిగా లొంగదు.

గుణకం కావాలంటే పుస్తకం ఎందుకు? మీ గచ్చులాంటి పలక మీద బండ ముక్క పెట్టి, పలకను ఒక పక్క మెల్లగా ఎత్తండి. ముక్క జారడం మొదలైన చోట ఆపి, ఎత్తును కింది పొడవుతో భాగించండి. పదంగుళాల పొడవుకు ఆరంగుళాలు లేస్తే 0.6. ముక్కను అంచు మీద నిలిపి కూడా చూడండి, కానీ పొడవు వాలు వెంట ఉండాలి. అడ్డంగా నిలిపితే జారకముందే పడిపోతుంది.

ఎర్రగుంట్ల షెడ్డు: సరే, అట్లయితే 10 కిలోల బలంతో లాగినా బండ కదలలేదంటే? ఘర్షణ 29 కిలోలేనా?

తాడిపత్రి ట్యూషన్: కాదు, అప్పుడు ఘర్షణ కూడా 10 కిలోలే. 29 అనేది హద్దు. పరీక్షల్లో సగం మంది పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు.

కడప సివిల్: వైశాల్యం మీద ఇంత కొట్లాడుతున్నారు గానీ, అసలు తేడా తాడు కోణంలో ఉంది. తాడును 30 డిగ్రీలు పైకి పట్టి లాగితే బండ బరువులో కొంత తాడు మోస్తుంది, 245 న్యూటన్లు చాలు. అదే వెనక నుంచి 30 డిగ్రీలు కిందికి వాలి తోస్తే నేల మీద బరువు పెరిగి 505 న్యూటన్లు కావాలి. అదే బండ, అదే గచ్చు, బలం మాత్రం రెట్టింపు పైనే.

ఎర్రగుంట్ల షెడ్డు: ఇదంతా మేస్త్రీకి చదివి వినిపించినా. "కింద రెండు పైపులేసి దొర్లిస్తే పోయేదానికి ఇన్ని లెక్కలెందుకు" అన్నాడు.

తాడిపత్రి ట్యూషన్: అది దొర్లుడు ఘర్షణ. దానికి వేరే చర్చ పెట్టండి సామీ.