టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి ఆప్టికలా, ఎరుపు-తెలుపు వైర్లా?

విజయనగరం కోట వీధి: టీవీని పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కి ఎరుపు-తెలుపు ఆర్‌సీఏ వైర్లతో కలిపాను. పాట ఆగితే చాలు, స్పీకర్లలో "గుమ్మ్" అని హమ్. షాపులో ఆప్టికల్ కేబులూ, డాక్ డబ్బా (డిజిటల్ అంకెల్ని అనలాగ్ శబ్దంగా మార్చేది) కొనమంటున్నారు. వినేది ఎక్కువగా ఘంటసాల పాటలే (ఆయన సంగీతం నేర్చుకున్న ఊరు మరి!). కొనమంటారా?

పలాస ఆడియో: కళ్లు మూసుకుని కొనండి. ఆప్టికల్‌లో వెళ్లేది కరెంటు కాదు, వెలుగు. మీ హమ్ ఎర్త్ లూప్‌ది. కేబుల్ టీవీ వైరుకి ఒక ఎర్త్, ఆంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గుకి ఇంకో ఎర్త్. ఆ రెండిటి మధ్య కరెంటు ఆర్‌సీఏ వైరు మీదుగా పారుతోంది. వెలుగు పెడితే ఆ దారే ఉండదు.

బొబ్బిలి శ్రోత: హమ్ పోవడం వేరు, సౌండ్ బాగుపడటం వేరండీ. స్పీకరుకి అంకెలు తెలియవు, ఎక్కడో ఒకచోట అనలాగ్‌గా మార్చాల్సిందే. ఆ పని ఇప్పుడు టీవీ చేస్తోంది, రేపు డబ్బా చేస్తుంది. చవక డబ్బా టీవీని మించుతుందని ఎవరు చెప్పారు? పైగా ఘంటసాల పాత రికార్డింగులు చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. ముందు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు పీకి చూడండి.

పలాస ఆడియో: మా వైపు గాలివానలకి పిడుగుల భయం కూడా ఉంది. కేబుల్ వైరు వెంట వచ్చే దెబ్బ ఆప్టికల్ దాటి ఆంప్లిఫయర్‌కి రాదు.

బొబ్బిలి శ్రోత: ఆంప్లిఫయర్ ప్లగ్గు గోడకే ఉంది కదా, పిడుగు అటు నుంచి రాదా ఏటి?

అరసవల్లి హోమ్ థియేటర్: 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకరు నడిపే ఆంప్లిఫయర్) ఉన్నవాళ్ల లెక్క వేరు. అనలాగ్ ఇన్‌పుట్ ఇచ్చినా చాలా రిసీవర్లు దాన్ని మళ్లీ డిజిటల్ చేస్తాయి, కాబట్టి డిజిటల్‌గానే ఇవ్వడం మేలు. అయితే 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్‌లో 5.1 కుదించిన రూపంలోనే వెళ్తుంది. కుదించని మల్టీచానల్ కావాలంటే హెచ్‌డీఎమ్‌ఐ ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లోనే రిసీవర్‌కి పంపే పద్ధతి) ఉండాలి. కోట వీధి గారూ, మీది స్టీరియో. డాక్ కొంటే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్‌ని పీసీఎమ్‌కి (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) మార్చండి, లేకపోతే కొన్ని కార్యక్రమాలకి అసలు శబ్దమే రాకపోవచ్చు. చాలా టీవీల్లో ఆప్టికల్ పెడితే రిమోట్ వాల్యూమ్ కూడా పనిచేయదు.

విజయనగరం కోట వీధి: కేబుల్ పీకాను, హమ్ మాయం! కానీ సీరియల్ టైముకి పీకితే ఇంట్లో ఊరుకోరు.

బొబ్బిలి శ్రోత: కేబుల్ వైరుకి గ్రౌండ్ ఐసోలేటర్ (సిగ్నల్‌ని వదిలి ఎర్త్ దారిని తెంచేది) దొరుకుతుంది, అది పెట్టండి. ఆర్‌సీఏ అలాగే ఉంచండి.

పలాస ఆడియో: ఎలాగూ ఒకటి కొంటున్నారుగా, ఆ డబ్బేదో డాక్ మీదే పెట్టండి అంటాను.