పరమాణువు బరువు సీసానిదే ఎక్కువ, సాంద్రత బంగారానిది ఎందుకు ఎక్కువ?

ప్రశ్న:
సీసం పరమాణు ద్రవ్యరాశి 207, బంగారానిది 197. సాంద్రత చూస్తే సీసానిది ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, బంగారానిది 19.3. రెండింటిలోనూ పరమాణువుల అమరిక ఒకటేనంటారు. మరి ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? చిన్న లోహపు ముక్క సాంద్రత ఇంట్లో కొలవడం కుదురుతుందాండీ?

జవాబు 1:
అమరిక ఒకటేనన్నది నిజమేనండి, తేడా అంతా సైజులో ఉంది. లోహంలో బంగారం పరమాణువు వ్యాసార్థం 144 పికోమీటర్లు, సీసానిది 175. తేడా చిన్నగానే కనిపిస్తుంది గానీ, పట్టే చోటు వ్యాసార్థం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 175ని 144తో భాగించి ఘనం చేస్తే 1.79. అంటే సీసం పరమాణువు బరువులో 5 శాతమే ఎక్కువ, ఆక్రమించే చోటు మాత్రం దాదాపు 80 శాతం ఎక్కువ. 19.3ని 1.05తో గుణించి 1.79తో భాగించండి: 11.3 వస్తుంది. కొలిచిన విలువకు ఎంత దగ్గరగా ఉందో చూడండి!

జవాబు 2:
అమరిక మారితే ఈ లెక్క పనిచేయదు. వజ్రం 3.51, గ్రాఫైట్ 2.26, రెండూ కార్బనే. గ్రాఫైట్ పొరలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 142 పికోమీటర్లు, పొరకూ పొరకూ మధ్య 335. సాంద్రత తగ్గేది ఆ ఎడం వల్లే. మంచుగడ్డలోనూ హైడ్రోజన్ బంధాలు అణువుల మధ్య ఖాళీలు మిగులుస్తాయి, అందుకే 0.917. బరువైన పరమాణువులుంటే సాంద్రత ఎక్కువని పిల్లలకు నేర్పడం మానేయాలి. సోడియం 0.97, అంతకన్నా బరువైన పొటాషియం 0.86!

జవాబు 3:
కొలవడానికి 0.1 గ్రాము చూపించే డిజిటల్ కాటా చాలు. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముందే తూచిన ముక్కను సన్నటి దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా వేలాడదీసి పట్టుకోండి. కాటా చూపే గ్రాములే ముక్క పక్కకు నెట్టిన నీటి బరువు, దాదాపు అన్నే మిల్లీలీటర్లు. 54 గ్రాముల అల్యూమినియానికి 20 చూపిస్తుంది, సాంద్రత 2.70.

ఎక్కువగా దెబ్బతీసేవి గాలి బుడగలే. అర మిల్లీలీటరు గాలి అంటుకుందంటే 20.5 చూపించి, సాంద్రత 2.63కి పడిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, ఒక్క చుక్క సబ్బు ద్రవం కలపండి, మునిగాక ముక్కను మెల్లగా కదపండి. అడుగుకు తగిలితే ముక్క బరువు కూడా కాటా మీద పడి అంకె పెరిగిపోతుంది.

మరీ చిన్న ముక్కలకు మాత్రం 0.01 కాటా ఉండాల్సిందే. 10 గ్రాముల సీసం నెట్టేది 0.9 గ్రాముల నీటినే, అందులో 0.1 అటూ ఇటూ అయిందంటే 11 శాతం తప్పు.