"తన బలిమి"యా, "తన బల్మి"యా? వేమన పద్యంపై ఒక సందేహం

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా పాప బడిలో ఒడియా మీడియం. ఇంట్లో నేనే వేమన పద్యాలు నేర్పిస్తున్నాను.

నీళ్లలోన మొసలి నిగిడి యేనుగు బట్టు
బయట కుక్కచేత భంగపడును

ఇంతవరకు బాగానే ఉంది. మూడో పాదంలో "స్థానబలిమి గాని" తర్వాత "తన బలిమి గాదయా" అనాలా, "తన బల్మి గాదయా" అనాలా? మా ఇంట్లో రెండూ వినిపిస్తాయి. ఇంకో ప్రశ్న పాప అడిగింది: ఏనుగు మొసలి కంటే అంత పెద్దది కదా, దాన్ని మొసలి ఎలా పట్టుకుంటుంది?

జవాబు (బరంపురం నుంచి):
"తన బల్మి" అనే చెప్పించండమ్మా. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి (గణం అంటే లఘువులు, గురువులు, అంటే పొట్టి, పొడుగు అక్షరాల కూర్పు). "స్థాన", "బలిమి", "గాని" మూడూ సూర్యగణాలే. నాలుగోది "తన బల్మి" అంటే సలం అనే ఇంద్రగణం (రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు), చక్కగా సరిపోతుంది. "తన బలిమి" అంటే వరసగా అయిదు లఘువులు, ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. అర్థం రెండింటికీ బలమే. "నిగిడి" అంటే ఇక్కడ విజృంభించి.

పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. దాన్ని దాటవేయకండి. ఆసియా మగ ఏనుగు సుమారు 4 టన్నులు తూగుతుంది. మన గంజాం ఘోడాహాడ జలాశయంలోని మగ్గర్ అనే మంచినీటి మొసలి ఎంత పెరిగినా అర టన్ను దాటడం అరుదు. ఒడిశా తీరంలోని భితరకనిక మడ అడవుల్లో ఉండే ఉప్పునీటి మొసలి ఇంకా పెద్ద జాతి. 2011లో ఫిలిప్పీన్స్‌లో పట్టుకున్న లోలాంగ్ అనే మొసలి పొడవు 6.17 మీటర్లు, బరువు 1,075 కిలోలు. అదైనా ఏనుగులో నాలుగో వంతే. ఎదిగిన ఏనుగును మొసలి చంపేస్తుందని వేమన చెప్పలేదు. చోటును బట్టి బలం మారిపోతుందని చెప్పడానికి రెండు కొసలనూ పక్కపక్కన పెట్టాడు.

నాకు ఈ పద్యం ఇష్టం కావడానికి కారణం వేరే ఉంది. బతికున్న జంతువుల్లో అన్నిటికంటే పెద్దదానికి ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది. నీలి తిమింగలం 30 మీటర్ల వరకూ పెరుగుతుంది, 150 టన్నులు దాటినవీ ఉన్నాయి. నేలమీద పెద్దది ఆఫ్రికా ఏనుగు, మగది దాదాపు 6 టన్నులు. అంటే ఒక్క తిమింగలం పాతిక ఏనుగుల బరువు! ఎప్పుడో పోయిన రాక్షసబల్లుల్లో అతి పెద్దవి కూడా 70 టన్నుల దగ్గర ఉంటాయని అంచనా.

తేడా ఎందుకంటే, ఒళ్లు అన్ని వైపులా రెట్టింపు పెరిగితే బరువు ఎనిమిది రెట్లు అవుతుంది, దాన్ని మోసే ఎముక అడ్డకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. గెలీలియో 1638లోనే ఈ సంగతి రాశాడు. నేలమీద ఆ బరువంతా కాళ్లే మొయ్యాలి. సముద్రంలో నీళ్లు మోస్తాయి. అదే తిమింగలం ఒడ్డున చిక్కుకుంటే సొంత బరువే దాని ఊపిరితిత్తులను, కండరాలను నొక్కేస్తుంది. పైగా దళసరి కొవ్వు పొర వల్ల ఒళ్లు వేడెక్కిపోతుంది. నీళ్లలో ఎదురులేని జీవికి ఇసుక మీద ఊపిరి కూడా ఆడదు. స్థానబలిమి అంటే ఇంతకంటే ఏం కావాలి?

జవాబు (గోపాలపురం నుంచి):
అన్నా, మన దగ్గరున్న ఉదాహరణ వదిలేశారు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కోటి 40 కిలోల చుట్టూ ఉంటాయి. సముద్రంలో వందల మైళ్లు ఈదేది ఇసుక మీదకొస్తే రెక్కలతో ఈడ్చుకుంటూ పాకుతుంది. కుక్కలు గూళ్లు తవ్వి గుడ్లు తింటాయి, పిల్లల్ని ఎత్తుకుపోతాయి. "బయట కుక్కచేత భంగపడును" అనేది మా తీరంలో అక్షరాలా నిజం. పాపకు మొసలితో పాటు ఇదీ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ చెప్పాను. "అయితే కుక్కల్ని ఆపేవాళ్లు లేరా?" అంటోంది.

జవాబు (గోపాలపురం నుంచి):
ఉన్నారమ్మా. గుడ్లు పెట్టే రోజుల్లో అటవీ శాఖవాళ్లు వల కంచె కడతారు, మా ఊళ్ల కుర్రాళ్లు రాత్రిళ్లు కాపలా ఉంటారు. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో పాపను తీసుకురండి, దూరం నుంచి చూపిస్తాం. టార్చి మాత్రం వద్దు, వెలుగుకు అవి దారి తప్పుతాయి.