‘అద్ల్’ అంటే ఎప్పుడూ ‘న్యాయం’ అనే రాయవచ్చా? సాక్ష్యానికి సంబంధించిన అరబీ పదాలపై ఒక సందేహం

ప్రశ్న: తర్జుమా బల్ల

అందరికీ నమస్కారం. ఉర్దూ దస్తావేజులను తెలుగులోకి తర్జుమా చేయడం నా వృత్తి. పాత భూముల కాగితాలు, నికాహ్‌నామాలు ఎక్కువగా వస్తుంటాయి కాబట్టి అరబీ పదాలు నాకు కొత్త కాదు గానీ, నాకు తెలిసినవన్నీ ఉర్దూ గుండా వచ్చినవే. ఇప్పుడు సున్నీ ఇస్లామీ న్యాయశాఖల్లో ఒకటైన హనఫీ న్యాయశాస్త్రంలో సాక్ష్యం గురించి రాసిన ఒక చిన్న ఉర్దూ పాఠ్యపుస్తకాన్ని తెలుగు చేస్తూ, మొదటి అధ్యాయం దాటకముందే రెండు చోట్ల చిక్కుకున్నాను.

మొదటిది ‘అద్ల్’. ‘గవాహ్ కా ఆదిల్ హోనా షర్త్ హై’ అన్న వాక్యాన్ని ‘సాక్షి న్యాయవంతుడై ఉండాలి’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన మా పెదనాన్నగారు, కోర్టులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, ఆ వాక్యం దగ్గరే ఆగి, ‘సాక్షికి న్యాయంతో ఏం పని? చూసింది చూసినట్టు చెప్పడం వాడి పని, న్యాయం చేయడం జడ్జీగారి పని కదా’ అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. పైగా అదే పుటలో అద్ల్, ఖిస్త్, ఇన్సాఫ్ అని మూడు మాటలు వస్తే మూడింటికీ ‘న్యాయం’ అనే రాసి ఉన్నాను.

రెండవది ఇంకా ఘోరం. ‘బయ్యినా ముద్దయీ పర్ హై’ అన్నదాన్ని అలవాటు కొద్దీ ‘రుజువు చూపే భారం ముద్దాయిది’ అని రాసేశాను. తెలుగులో చదివితే నేరం మోపబడినవాడే తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవాలన్న అర్థం వచ్చింది. మూలం చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకమని పక్క పుటలోని ఉదాహరణ చూశాక గాని తెలియలేదు. ఈ పదాలను ఎలా పట్టుకోవాలో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం 1: మక్తబ్ పాఠకుడు

మీ పెదనాన్నగారు సరైన చోటే ఆగారు. అరబీలో ‘అద్ల్’ అన్నది న్యాయమనే గుణానికీ పేరే, ఆ గుణం ఉన్న మనిషికీ పేరే. ఖుర్ఆన్ 65:2లో విడాకుల సందర్భంలో ‘మీలో అద్ల్ గల ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోండి’ అని వస్తుంది. అక్కడ తీర్పు చెప్పే న్యాయం సంగతి లేదు, మాటకు విలువ ఇవ్వదగిన నడవడి సంగతి ఉంది. ఆ అర్హతకే ఫిఖ్హ్ (ఇస్లామీ న్యాయశాస్త్ర) గ్రంథాలు ‘అదాలా’ అని పేరు పెట్టాయి. దానికి ఎదురు పదం అన్యాయం కాదు, ‘ఫిస్ఖ్’, అంటే బాహాటంగా హద్దు మీరిన నడవడి. తీర్పరి విషయంలో అద్ల్‌కు ఎదురు ‘జౌర్’ లేదా ‘జుల్మ్’, అంటే అన్యాయం. ఎదురు పదం ఏదో చూసుకుంటే ఏ అద్ల్ గురించి మాట్లాడుతున్నారో వెంటనే తేలిపోతుంది.

ఖలీఫా ఉమర్ గురించి చెప్పే ఒక కథనం ఈ పదాన్ని నిఘంటువుల కంటే బాగా వివరిస్తుంది. ఒకతను సాక్ష్యం చెప్పడానికి వస్తే, ‘నువ్వు నాకు తెలియదు, నిన్ను ఎరిగినవారిని తీసుకురా’ అన్నారట. పక్కనున్న ఒకాయన ‘నేనెరుగుదును, మంచివాడు’ అన్నాడు. ‘ఇతని రాకపోకలు రాత్రింబవళ్ళు తెలిసిన పొరుగువాడివా?’ కాదన్నాడు. ‘మనిషి నిజాయతీని బయటపెట్టే దీనార్ల, దిర్హముల లావాదేవీ ఇతనితో చేశావా?’ లేదన్నాడు. ‘పోనీ, మనిషి స్వభావం బయటపడే ప్రయాణమైనా కలిసి చేశావా?’ అదీ లేదన్నాడు. ‘అయితే నువ్వు ఇతన్ని ఎరగవు’ అని పంపేశారు. సాక్షిని ఇలా విచారించడాన్ని ‘తజ్కియా’ అంటారు.

ఈ విచారణ ఎంత లోతుగా జరగాలన్న దానిపై హనఫీ మజ్హబ్ (న్యాయశాఖ) లోనే భేదం ఉంది. హుదూద్ (ధర్మశాస్త్రం నిర్ణయించిన శిక్షలు), ఖిసాస్ (దెబ్బకు దెబ్బ) అనే శిక్షల వ్యవహారాల్లో తప్ప, ప్రతిపక్షం ఆక్షేపించనంత వరకు ముస్లిం సాక్షి పైకి కనబడే నడవడితో సరిపెట్టుకోవచ్చునని 767లో మరణించిన ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ మాత్రం అన్ని వ్యవహారాల్లోనూ రహస్యంగానూ బహిరంగంగానూ విచారించాల్సిందేనన్నారు. మీ పాఠ్యపుస్తకం బహుశా ఆధారపడే ‘హిదాయా’ అనే హనఫీ న్యాయ గ్రంథం ఈ రెండు మాటలనూ చెప్పి, ఇది కాలం మారినందువల్ల వచ్చిన భేదమన్న అభిప్రాయాన్ని కూడా పేర్కొంటుంది. మనుషులు మారినందుకు గురువు మాట పక్కన పెట్టి శిష్యుల మాట మీద నడిచారన్నమాట.

ఒట్టోమన్ ప్రభుత్వం 1869 నుంచి 1876 వరకు హనఫీ సూత్రాలను క్రోడీకరించిన ‘మజల్లా’లోని 1705వ సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది. ఎవరి మంచి పనులు చెడ్డ పనుల కంటే ఎక్కువగా ఉంటాయో అతడే అద్ల్ అని నిర్వచించి, అబద్ధాలకోరుగా పేరుపడినవారి సాక్ష్యం చెల్లదంటుంది. అంటే మచ్చలేని మహాత్ముణ్ణి అడగడం లేదు, తూకంలో మంచి వైపు మొగ్గితే చాలు. కాబట్టి సాక్షి సందర్భంలో ‘సచ్ఛీలుడు’ అని రాయమని నా సలహా. ‘సత్ప్రవర్తన’ అనవచ్చు గానీ, ఆ మాట వినగానే మనకు జైలు నుంచి ముందస్తు విడుదలే గుర్తుకొస్తుంది!

ఖిస్త్ సంగతి కూడా చెబుతాను. అది పంపకంలో ఎవరి వాటా వారికి సరిగ్గా ముట్టడం. విచిత్రమేమంటే ఆ ధాతువు నుంచే వచ్చిన ‘ముఖ్సిత్’ అంటే న్యాయంగా పంచేవాడు, ‘ఖాసిత్’ అంటే దారి తప్పినవాడు. ఖుర్ఆన్ 5:42 మొదటివారిని అల్లాహ్ ప్రేమిస్తాడంటుంది, 72:15 రెండవవారిని నరకానికి కట్టెలంటుంది. ‘ఇన్సాఫ్’ ధాతువు ‘నిస్ఫ్’, అంటే సగం. ఇద్దరికీ చెరి సగం అన్న భావం అందులో ఉంది. మూడింటికీ ఒకటే మాట వేస్తే ఇవన్నీ చదునైపోతాయి.

సమాధానం 2: గుంటూరు వకీలు

ఖిస్త్ గురించి పైవారు చెప్పినదానికి ఒక చేర్పు. మన రైతులు కట్టిన ‘కిస్తు’ ఆ మాటే. వాటా నుంచి వాయిదాల వారీ చెల్లింపు అన్న అర్థానికి జారి, ఉర్దూ మీదుగా మన పొలాల దాకా వచ్చింది. కిస్తు కోసం అమీనా గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆ మాటకు న్యాయమనే అర్థం కూడా ఉందని ఏ రైతుకూ తోచి ఉండదు.

ఇక ‘ముద్దాయి’. తర్జుమా బల్ల గారూ, మీరొక్కరే కాదు, నేనూ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక పాత ఉర్దూ తీర్పు నకలు చదివి, ఓడినవాడే గెలిచినవాడనుకున్నాను. అరబీలో ‘దావా’ వేసినవాడు ముద్దయీ, ఎవరి మీద వేశారో అతడు ‘ముద్దఆ అలైహి’. రెండవ మాట ఉర్దూ నోట నలిగి ‘ముద్దాలే’ అయింది. ఉచ్చారణలో ఇంత దగ్గరగా ఉండడమే తెలుగులో తారుమారు కావడానికి దారితీసి ఉంటుందని నా ఊహ. ఏమైనా ఈనాడు పోలీసు స్టేషన్‌లోనూ వార్తాపత్రికలోనూ ముద్దాయి అంటే నిందితుడే. మీ పుస్తకంలో వాది, ప్రతివాది అనే రాయండి, ముద్దాయి జోలికి పోకండి.

మీరు ఉటంకించిన సూత్రం మజల్లాలో 76వది: రుజువు వాది మీద, ప్రమాణం కాదన్నవాడి మీద. ప్రవక్త మాటగా ప్రసిద్ధమైన హదీసు నుంచి వచ్చినదది. ఇక్కడ ‘యమీన్’ అంటే కుడిచెయ్యి అనీ అర్థం, ప్రమాణం అనీ అర్థం. వాది దగ్గర రుజువు లేనప్పుడు ప్రతివాదిని ప్రమాణం చేయమంటారు. చేస్తే దావా కొట్టివేస్తారు. చేయనని నిరాకరిస్తే దాన్ని ‘నుకూల్’ అంటారు, హనఫీ ఖాజీ ఆ నిరాకరణ ఆధారంగానే వాదికి తీర్పు ఇవ్వగలడు.

‘ఇఖ్రార్’ కూడా మీకు వస్తుంది. మన ‘ఖరారు’కు అదీ ఒకే ధాతువు. తన మీద మరొకరికి హక్కు ఉందని ఒప్పుకోవడం ఇఖ్రార్. మజల్లా 78వ సూత్రం ప్రకారం బయ్యినా ఇతరులకూ వర్తించే రుజువు, ఇఖ్రార్ ఒప్పుకున్నవాడి వరకే పరిమితమైన రుజువు. అన్నదమ్ములలో ఒకడు ‘మా నాన్న ఇతనికి బాకీ ఉన్నాడు’ అని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మిగిలిన అన్నదమ్ములను కట్టిపడేయదు. కాబట్టి ‘నేరాంగీకారం’ అని రాయకండి, అది సివిల్ వ్యవహారాల్లోనూ వచ్చే మాట.

మన దేశంలో ఈ పదాలు కోర్టు భాష నుంచి జారిపోయిన క్రమం కూడా పీఠికలో ఒక వాక్యంగా చెప్పవచ్చు. కంపెనీ కోర్టుల్లో జడ్జీల పక్కన కూర్చొని ఫత్వా చెప్పే ఖాజీ, ముఫ్తీ పదవులను 1864 చట్టం రద్దు చేసింది. 1872 సాక్ష్య చట్టం ఏ వాస్తవాన్ని రుజువు చేయడానికైనా ఇంతమంది సాక్షులే ఉండాలన్న నియమం లేదంది. 1880 ఖాజీల చట్టం వారికి న్యాయాధికారం ఏదీ ఇవ్వకుండానే నికాహ్ వంటి వేడుకలకు ఖాజీలను నియమించే వీలు కల్పించింది. ఈనాటి హైదరాబాదు ఖాజీ తీర్పు చెప్పడు, పెళ్ళి రాసుకుంటాడు.

సమాధానం 3: షార్జా టైపింగ్

పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో ఒక టైపింగ్ సెంటర్‌లో అరబీ దరఖాస్తులు కొడుతున్నాను. ‘సచ్ఛీలుడు’ అన్న సలహాతో నాకు పూర్తి ఏకీభావం లేదు. సచ్ఛీలుడన్నది మెచ్చుకోలు మాట, అద్ల్ అన్నది ఒక హోదా. రోజూ నా ముందుకు వచ్చే ‘వకాలా’ (అధికార పత్రం) కాగితం పైన ‘అల్ కాతిబుల్ అద్ల్’ అన్న శీర్షిక ఉంటుంది. ఇక్కడి నోటరీకి పేరది. దాన్ని ‘సచ్ఛీలుడైన లేఖకుడు’ అని తర్జుమా చేస్తే మనవాళ్ళు నవ్వుతారు. కానీ ఆ మాట 2:282 నుంచి వచ్చిందని గమనించండి. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆ వాక్యం అప్పు గురించి. గడువు పెట్టి ఇచ్చే అప్పును ఒక లేఖకుడు అద్ల్‌తో రాయాలి, అప్పు తీసుకున్నవాడు చెబుతుండగా రాయాలి, ఇద్దరు పురుషులు గానీ, లేదంటే ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీలు గానీ సాక్షులుండాలి, పిలిచినప్పుడు సాక్షులు నిరాకరించరాదు, లేఖకుడికీ సాక్షికీ హాని కలగరాదు అని అది వివరంగా చెబుతుంది. కాగితం అడుగున ‘షాహిద్’ అని రెండు ఖాళీలు వదిలి టైపు చేసినప్పుడల్లా నాకు ఆ వాక్యమే గుర్తుకొస్తుంది.

మొరాకోలో అయితే అద్ల్ అంటే వృత్తి. పెళ్ళి ఒప్పందాలు రాసి సాక్ష్యంగా నిలిచే అధికారిక లేఖకులు వారు, ఇద్దరేసి కలిసి పనిచేస్తారు. 2018లో ఆ వృత్తిలోకి స్త్రీలను కూడా అనుమతించారు. నడవడి గురించిన గుణం ఇలా కొలువుగా మారినప్పుడు తెలుగు విశేషణం దాన్ని మోయలేదు.

‘బయ్యినా’ను కూడా ‘సాక్షులు’ అని కుదించకండి. ఎక్కువమంది ఫఖీహ్‌లు (న్యాయశాస్త్ర పండితులు) ఆచరణలో అలాగే వాడినా, 1350లో మరణించిన డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఖయ్యిమ్, సత్యాన్ని స్పష్టం చేసేది ఏదైనా బయ్యినాయేనని గట్టిగా వాదించారు. ఆ ధాతువుకు అర్థమే స్పష్టత.

మక్తబ్ పాఠకుడు:

హోదా విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నోటరీ అద్ల్‌ను అలాగే ఉంచడం మంచిది. అయితే హనఫీ పాఠ్యపుస్తకంలోని సాక్షి ఉద్యోగి కాదు, వీధిలోంచి వచ్చిన మామూలు మనిషి. అతని అదాలా మీద ప్రతిపక్షం వేసే ఆక్షేపణకు ‘జర్హ్’ అని పేరు, అంటే గాయపరచడం. హైదరాబాదు వకీళ్ళు క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఉర్దూలో ‘జిరహ్’ అనేది ఈ మాటనే. గాయం చేయడానికి ముందు అక్కడ ఒక శీలం ఉండాలి కదా.

‘సాక్షి’ మాత్రం షాహిద్‌కు చక్కగా అమరుతుంది. సంస్కృతంలో కన్ను ఉంది, అరబీలో హాజరై చూడడం ఉంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి. ఖాజీ ముందు ‘అష్హదు’, అంటే ‘సాక్ష్యమిస్తున్నాను’ అన్న మాట నోటితో పలకాలి. ‘నాకు తెలుసు’ అంటే హనఫీల ప్రకారం చెల్లదు.

తర్జుమా బల్ల:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి రాకలో ‘అద్ల్, అంటే మాటకు విలువ ఇవ్వదగిన శీలం గలవాడు’ అని విడమరచి, ఆ తరువాత అద్ల్ అనే ఉంచుతున్నాను. ఖిస్త్‌కు ‘సరిపంపకం’, ఇన్సాఫ్‌కు మాత్రం ‘న్యాయం’ అని రాశాను. ముద్దాయిని చిత్తుప్రతి అంతా వెతికి పదకొండు చోట్ల ‘వాది’గా మార్చాను. మార్చిన వాక్యాలను పెదనాన్నగారికి చదివి వినిపిస్తే, ‘సాక్షి సంగతి తేలింది గాని, ఆ సాక్షి మంచివాడని చెప్పేవాడు మంచివాడో కాదో ఎవరు తేలుస్తారు?’ అన్నారు. తజ్కియా అధ్యాయం రేపు మొదలుపెడుతున్నాను.