తలకు దెబ్బ తగిలాక ఆటపాటలతో చికిత్స: చేయించినవాళ్లు చెప్పండి

సూర్యాపేట ఇల్లాలు:
మా వారికి నలభై రెండేళ్లు. సంక్రాంతికి వారం ముందు బండి మీద వస్తూ రహదారి మీద పడిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికి, స్పృహ ఎంత ఉందో చెప్పే గ్లాస్గో స్కోరు 7 అన్నారు. మెదడు వాపు తగ్గడానికి పుర్రె ఎముక ముక్క తీసి పొట్టలో భద్రపరిచి, మూడు నెలల తరువాత మళ్లీ అమర్చారు. ఇప్పుడు నడుస్తున్నారు, తన చేత్తో తింటున్నారు. చూడటానికి వచ్చినవాళ్లంతా ‘బాగానే ఉన్నాడు కదా’ అని వెళ్లిపోతారు. కానీ లేవమంటే తప్ప లేవరు, అడిగితే తప్ప మాట్లాడరు. కుక్కర్ కూత వినిపిస్తే చెవులు మూసుకుని అరుస్తారు. మందులతో పాటు ఆటలు, పాటలు, ఆయనకు ఇష్టమైన పనులు చేయించమని డాక్టరు చెప్పారు. ‘మనిషి ఇలా ఉంటే ఆటలు ఏమిటమ్మా’ అని మా అత్తగారు కంటతడి పెట్టుకుంటున్నారు. వీటివల్ల నిజంగా ఫలితం ఉంటుందా?

కృష్ణాతీరం:
ఉంటుందమ్మా. మా అమ్మ రెండేళ్ల క్రితం మేడ మెట్ల మీద నుంచి పడింది. కుడిచేయి పట్టు పోయింది, మాట తగ్గిపోయింది. మొదట్లో మేము చేసిన తప్పు, రోజంతా ఆమెకు పరీక్షలు పెట్టడం. ‘నేనెవరు? ఈరోజు ఏ వారం?’ అని ఒకరి తరువాత ఒకరం అడిగేవాళ్లం. ఆమె ముఖం గోడవైపు తిప్పేసుకునేది. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయే ‘ఆమె చిన్నప్పుడు ఏం ఆడేవారు?’ అని అడిగింది. అటక మీద నుంచి వామనగుంటల పీట దించాము. గుంటకు అయిదు చింతగింజలు పోస్తే పిడికిట్లోకి తీసుకునేది కానీ, ఒక్కొక్కటిగా వదలలేకపోయేది. అన్నీ ఒకే గుంటలో పడిపోయేవి. గుంటకు రెండే గింజలు వేసి మళ్లీ మొదలుపెట్టాము. బొటనవేలితో ఒక్క గింజను ముందుకు జరిపి వదలడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. ఒక సాయంత్రం నేను పొరపాటున ఆమె వరుసలో చేయి పెట్టాను. ‘అది నా గుంటరా’ అంది. ఎవరూ అడగకుండా తనంతట తాను మాట్లాడటం పడిన తరువాత అదే మొదటిసారి. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

చేతిపని:
నేను హైదరాబాదులో ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయిస్తాను. అమ్మా, ముందుగా ఒక మాట. మీ వారిది బద్ధకం కాదు, మొండితనం అసలే కాదు. పని మొదలుపెట్టించేది, కోపాన్ని ఆపేది నుదుటి వెనుక ఉండే మెదడు భాగం. అక్కడ దెబ్బ తగిలితే చేయగలిగిన పని కూడా ఎవరో అందించకపోతే మొదలు కాదు. గ్లాస్గో స్కోరు 3 నుంచి 15 వరకు ఉంటుంది, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైన గాయం అంటారు. అది దెబ్బ తగిలిన తొలి గంటల్లో స్పృహ ఎంత ఉందో చెబుతుంది. ఏడాది తరువాత మనిషి ఎలా ఉంటాడో ఆ ఒక్క అంకెను బట్టి తేల్చకండి. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా కనిపిస్తుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు.

ఆట ఎందుకంటే, వామనగుంటల్లో లెక్క ఉంది, వేళ్ల పని ఉంది, ఎదుటివారి వంతు వచ్చినప్పుడు ఆగడం ఉంది. అవన్నీ విడివిడిగా చేయించబోతే విసుగొస్తుంది. మాట పోయినవాళ్లలో కొందరు తెలిసిన పాట మాత్రం పాడగలుగుతారు, కాబట్టి అదీ ప్రయత్నించండి. పదిహేను నిమిషాలు చాలు. టీవీ ఆపేయండి, ఒకసారికి ఒకరే మాట్లాడండి. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది, డాక్టరు సరేనని చెప్పేదాకా ఈత, ఎత్తులెక్కడం, బండి నడపడం వద్దు. మద్యం జోలికి అసలు పోనివ్వకండి.

రెండో పుట్టుక:
దెబ్బ తిన్నవాడిని నేనే. నాలుగేళ్లయింది. చూసేవాళ్లకు కనిపించనిది అలసట. ఒళ్లు అలసినట్టు ఉండదు, తలలో దీపం ఆరిపోయినట్టు ఉంటుంది. మొదటి ఏడాది ఉదయం పదకొండు దాటితే ఏ మాటా బుర్రకెక్కేది కాదు. మా వాళ్లు ఉత్సాహం కలుగుతుందని ముప్ఫై మంది చుట్టాలను పిలిచి భోజనాలు పెట్టారు. తరువాత రెండు రోజులు మంచం దిగలేదు. నన్ను లేపింది క్యారమ్స్, అదీ మా బావ ఒక్కడితోనే. ఆయన కావాలని ఓడిపోవడం నాకు తెలిసిపోయేది, చాలా బాధ కలిగేది. దయచేసి అలా చేయకండి. ఆట తేలిక చేయండి, కాయలు తగ్గించండి, కానీ నిజంగా ఆడండి.

డాలస్ తెలుగు:
ఇక్కడి పునరావాస ఆసుపత్రుల్లో ఇలా ఆటలతో, ఇష్టమైన పనులతో చికిత్స చేయడానికే ప్రత్యేకంగా శిక్షణ పొందిన రిక్రియేషన్ థెరపిస్టులు ఉంటారు. మా అన్నయ్యను అలాంటి థెరపిస్టు ఒకామె మొదట దుకాణానికి తీసుకెళ్లింది. మూడు వస్తువుల చీటీ తనే రాసుకోవాలి, వెతకాలి, డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి. మీ వీధి చివరి కూరగాయల బండి దగ్గరే ఇది చేయించవచ్చు. జనం తక్కువగా ఉండే వేళ చూసుకోండి.

సూర్యాపేట ఇల్లాలు:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా వారికి మేడ మీద మల్లెకుండీలంటే ప్రాణం. మెట్లు ఎక్కనివ్వడం భయమని అటువైపు తీసుకెళ్లనే లేదు. మీ మాటలు చదివి నిన్న ఒక కుండీని కిందికి దింపి, ఆయన ముందు పెట్టి ఊరుకున్నాను. చాలాసేపు చూశారు. తరువాత ఎండిన ఆకు ఒకటి గిల్లి నా చేతిలో పెట్టారు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూశారు. ఈ ఉదయం ఆమే రెండో కుండీ దింపించారు. రేపటి నుంచి రోజూ తొమ్మిదిన్నరకు ఆయనా నేనూ వరండాలో కూర్చుంటాము. కుక్కర్ అంతకు ముందే దించేస్తాను.