లేత్ మీద తిప్పిన మనిషి పేరు కార్డు మీద ఉండాలా వద్దా?

బీచ్‌రోడ్_నడక:
నిన్న సాయంత్రం మన వైజాగ్‌లోనే ఒక గ్యాలరీకి వెళ్లా, పేరు ఎందుకులెండి. అంకుడు కర్రతో చేసిన శిల్పాల్లాంటివి పెట్టారు, ఒకటైతే మోచెయ్యంత పొడవుంది, కింద కుండలా గుండ్రంగా ఉండి మెడ దగ్గరికొచ్చేసరికి వేలంత సన్నగా అయిపోయింది, పైన పసుపు రంగు లక్క. చూస్తూ నిలబడిపోయా నిజంగా. కార్డు మీద డిజైనర్ పేరు, కింద "అంకుడు కర్ర, లక్క, సహజ రంగులు" అని రాశారు. ఎవరు చేశారండీ అంటే "ఏటికొప్పాక ఆర్టిజన్స్" అంది అక్కడి అమ్మాయి. కర్ర పేరు రాశారు, లక్క పేరు రాశారు, మనిషి పేరే లేదు. నాకిది తప్పనిపిస్తోంది, మీరేమంటారు?

ఎంవీపీ_కాలనీ:
అన్నా, నేను ఒప్పుకోను. చెయ్యి వేరు, ఆలోచన వేరు. ఇటలీలో జుసెప్పే పెనోనే అని ఒక శిల్పి, పెద్ద దూలం తీసుకుని అందులో ఏడాదికొకటి చొప్పున పెరిగే వలయాల్లో ఒక్కదాన్ని పట్టుకుని దాని వెంటే చెక్కుకుంటూ పోతాడు, చివరికి లోపల్నుంచి ఆ చెట్టు చిన్నప్పటి రూపం కొమ్మలతో సహా బయటపడుద్ది. దూలంలో చెట్టు ఇంకా ఉందని తోచడమే అక్కడ గొప్ప. వేల్స్‌లో డేవిడ్ నాష్ 1978లో ఓక్ మొద్దుని బండరాయిలా చెక్కి, స్టూడియోకి చేర్చుకుందామని వాగులో దించితే అది ఇరుక్కుపోయింది, అక్కడే వదిలేశాడు, ఏళ్ల తరబడి నీళ్లే దాన్ని దొర్లించుకుంటూ పోయాయి. మరి వాగు పేరు వేశారా? చట్టం చూసినా డిజైన్స్ యాక్ట్ 2000 ప్రకారం డబ్బిచ్చి డిజైన్ చేయించుకున్నవాళ్లే ఓనర్.

వరాహ_ఒడ్డు:
నమస్తే అండి, మాది ఏటికొప్పాక. మీరు చెప్పిన ఆ సన్న మెడది మా నాన్న తిప్పిందే, ఫొటో మా ఇంట్లో ఉంది. ఆ డిజైనర్ మేడమ్ కాయితం మీద గీసి తెచ్చారు, ఒకే కర్రలో కావాలన్నారు. నాన్న చూడగానే "మెడ నిలవదమ్మా, గుండె మధ్యలోకొస్తాది, పగులుతాది" అన్నాడు, గుండె అంటే కర్ర నడిమి భాగం. అయినా చేశాడు, మూడు పోయాయి, మూడోది లక్క పట్టిస్తుండగానే ఠప్‌మని విరిగింది. అప్పుడు నాన్నే చెప్పాడు, కిందది వేరే, మెడ వేరే తిప్పి, అతుకు మీద లక్క పట్టీ వేద్దామని. లేత్ తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పట్టుద్ది, తర్వాత మొగలాకుతో నొక్కితే మెరుపొస్తుంది, ఎక్కువసేపు ఆనిస్తే మాడిపోద్ది, అంతా చేతికే తెలియాలి. మీరు చూసిన ఆ మెడ దగ్గర ఎర్ర గీత ఉందే, అది అందం కోసం పెట్టింది కాదు, అతుకు. ఇప్పుడు చెప్పండి ఎంవీపీ అన్నా, ఆ గీత ఎవరి ఆలోచన? వాగుకి పేరు వెయ్యకపోతే వాగు బాధపడదు. నాన్న అడిగాడు నన్ను, "మన ఊరు పేరైనా రాశారా తల్లీ" అని.

బీచ్‌రోడ్_నడక:
అమ్మా, ఆ ఎర్ర గీత దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. డిజైనర్ ఎంత బాగా ఆలోచించిందో అని మా ఫ్రెండ్‌తో కూడా అన్నా.

ఏయూ_పాత_బ్యాచ్:
ఫైన్ ఆర్ట్స్ చదివినవాడిగా ఒక మాట. మృణాళినీ ముఖర్జీ అని మన దేశపు శిల్పి, జనపనార తాళ్లని ముడి మీద ముడి వేసి మనిషంత ఎత్తు శిల్పాలు చేసింది, ముందు స్కెచ్ గీసుకోకుండా ముడి వేస్తూ వేస్తూ రూపం తెచ్చుకునేది. సహజమైన సరుకుతో పని అంటే ఇదే, సగం ఆలోచన సరుకులోంచే వస్తుంది, సరుకు భాష తెలిసినవాడికే అది వినిపిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఊరి పేరుతో ఇచ్చే గుర్తింపు, వచ్చింది నిజమే, అది ఊరి బొమ్మల పేరుని కాపాడుతుంది గానీ ఫలానా మనిషిని కాదు. సి.వి. రాజు గారు సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టినందుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు, చాలా సంతోషం, కానీ లేత్ ముందు కూర్చున్న మిగతావాళ్ల పేర్లు ఎవరు రాస్తారు?

ఎంవీపీ_కాలనీ:
అతుకు సంగతి నాకు తెలీదు చెల్లీ, సారీ. నేను వాగుతో పోల్చింది తప్పే. కానీ గీసినావిడని దొంగ అంటే మాత్రం ఒప్పుకోను, కాయితం మీద ఆ సన్న మెడ గియ్యకపోతే నాన్నగారికి ఆ చిక్కే వచ్చేది కాదు, ఆ గీతా వచ్చేది కాదు. రెండు పేర్లూ పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. కింద చిన్నగా "సహకారం" అని వేస్తే కుదరదు.

వరాహ_ఒడ్డు:
దొంగ అని నేనెప్పుడూ అనలేదండి, కూలి కూడా చెప్పినంతా ఇచ్చారు. మీరు రాసిన ఈ చివరి రెండు లైన్లూ స్క్రీన్‌షాట్ తీసి మేడమ్‌కి పంపాను ఇప్పుడే. బ్లూ టిక్ పడింది, రిప్లై ఇంకా రాలేదు.