పిల్లలకి డచ్ తాతగారి జ్ఞాపకాలు ఎలా దాచాలి?

ప్రశ్న:
నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్‌లో ఉంటాం. మాది ఏలూరు, మా ఆయన డచ్, వాళ్ళది ఇక్కడి సముద్రతీర ప్రాంతం జీలాండ్. పిల్లలకి తొమ్మిది, ఆరేళ్ళు. మామగారు (పిల్లలకి ఓపా) మార్చిలో పోయారు. అత్తగారికి 82. ఆయన అలమర సర్దుతుంటే నాలుగు బూట్ల డబ్బాల నిండా ఫోటోలు, ఉత్తరాలు దొరికాయి. అందులో సగం మంది మా ఆయనకే తెలియదు. మా నాన్న గురించి పిల్లలకి గంటలు గంటలు చెప్పగలను, ఓపా వైపు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ముందు వంశవృక్షం వేయాలా?

జవాబు:
అమ్మా, వంశవృక్షానికి తొందరేం లేదు. ఇక్కడ చాలా ఊళ్ళలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు 1811 నుంచి నమోదై ఉన్నాయి. పుట్టి 100 ఏళ్ళు, పెళ్ళయి 75, పోయి 50 దాటితే ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. వీవాస్‌వీ (WieWasWie) అనే పాత రికార్డుల సైట్‌లో ఇంటిపేరు కొట్టి వెతకండి. అత్తగారి దగ్గర ట్రౌబూక్యె (పెళ్ళినాడు ఇచ్చే చిన్న పుస్తకం) ఉంటే అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు.

ఫోటోలో ఉన్నదెవరో మాత్రం ఆవిడకే తెలుసు. ముందు ఆ పని చూడండి. ఒక పూటకి పది ఫోటోలు చాలు, అలిసిపోతారు. "మీ చిన్నతనం చెప్పండి" అంటే ఏమీ రాదు. "ఈ గుమ్మం ఎవరింటిది?" అనండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కింద చేతిరుమాలు పరిచి రికార్డు చేయండి. పేర్లు వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లలో అసలు పెట్టొద్దు. సింటర్‌క్లాస్‌కి (డిసెంబరులో కానుకలిచ్చే పండక్కి) ఓపా పిల్లలకి రాసిన పద్యాలుంటే పారేయకండి, అందులో ఆయన గొంతే వినిపిస్తుంది.

ఇంకో మాట. 1953 వరద నాటికి ఆవిడ బడికెళ్ళే పిల్ల. జనవరి 31 రాత్రి కట్టలు తెగి ఈ దేశంలో 1,836 మంది పోయారు, జీలాండ్‌కే అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మాది దివిసీమ. 1977 ఉప్పెన మాటెత్తితే మా నాన్నమ్మ లేచి వెళ్ళిపోయేది. కాబట్టి మీరు అడగొద్దు. జీలాండ్‌లోని ఔవెర్కెర్క్‌లో వరద మ్యూజియం ఉంది, చివరి గండి పూడ్చడానికి దింపిన నాలుగు కాంక్రీటు పెట్టెల్లోనే పెట్టారు. వస్తానంటే తీసుకెళ్ళండి, మాట ఆవిడే ఎత్తుతారు.

ప్రశ్న:
ఆవిడ జీలాండ్ యాసలో మాట్లాడతారండీ, నాకు సగం అర్థం కాదు. మామూలు డచ్‌లో చెప్పమననా?

జవాబు:
అనొద్దు. యాసలోనే చెప్పనీయండి. అర్థం మీ ఆయన తర్వాత రాసిపెడతారు, ఆ పలుకు మళ్ళీ దొరకదు. వీలైతే ఆవిడ బోలుస్ (జీలాండ్ తీపి రొట్టె) చేసేటప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టండి. దాల్చినచెక్క, బెల్లంరంగు పంచదారలో పిండి దొర్లిస్తూ ఎన్ని కబుర్లు చెబుతారో చూడండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాలకి:
తొమ్మిది ఫోటోలు అయ్యాయండీ. చిన్నాడి రెండో పేరు ఓపాదని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఓపాకి అది వాళ్ళ తాతది పెట్టారట, అచ్చం మనవైపు లాగే. ఆ ముసలాయన ఫోటో కూడా దొరికింది, కట్ట మీద గుర్రం పక్కన నిలబడి ఉన్నారు. వెనకాల పేరు డచ్‌లో మా ఆయన, తెలుగులో నేను రాశాం. ఆ కింద తన పేరు చిన్నాడే రాసుకున్నాడు.